అయిదేండ్లు ఉంచుకునే సారు

బొగ్గు గుట్టలు తమంతట తామే ఎందుకు అంటుకుంటాయో తేల్చి పీహెచ్‌డీ సంపాదించాలని మమత కోరిక. తన అంశానికి సరిపోయే ప్రొఫెసర్ ఎక్కడుంటే ఆ యూనివర్సిటీకే దరఖాస్తు పెట్టాలని ఆ ఉదయం నిశ్చయించుకుని, ఆ సంగతే స్నేహితురాలికి ఫోన్‌లో చెబుతోంది. గోదావరిఖని క్వార్టర్ వెనక బట్టలారేస్తున్న తల్లి రాజకుమారికి మాత్రం కిటికీలోంచి సగమే వినబడింది.

"మిగిలినోళ్లెవ్వరు నాకు నచ్చలే శ్రావణ్యా. అమరనాథ్ సారే కరెక్టు. అయిదేండ్లు ఆయనతోనే ఉండాలె గద, మంచిగ చూసుకోని పోవాలె. ఇంట్ల ఇంక చెప్పలే."

రాజకుమారి చేతిలోని తడిచీర మట్టిలో పడింది. దాన్ని తీయకుండానే లోపలికొచ్చింది.

"ఎవలే ఆ సారు? ఎంత వయసుంటది?"

"అరవైకి దగ్గరుంటడేమో. వయసుతోని మనకేం పనే అమ్మా, ఆయన చేసిన పని చూడాలె గని," అని మమత తువ్వాల భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయింది.

భర్త ఉపేందర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డ్యూటీ మీద ఉన్నాడు. ఈ మాట ఆయన చెవిన పడకముందే తేల్చేయాలనుకుంది. పక్క వీధిలో ఉండే తమ్ముడు భూపాల్‌కు ఫోన్ చేసి జల్ది రమ్మంది. అతను చెప్పులైనా విడవకుండా వచ్చి, మమత కంప్యూటర్‌లో తెరిచి ఉన్న సారు ఇంగ్లీషు పేజీలోంచి నంబరొక్కటే చూసి ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడు.

"మా మమత మీ దగ్గర్కే వస్తనంటంది. ఎన్నేండ్లు ఉంచుకుంటరు?"

"అయిదేళ్లు పడుతుందండీ," అన్నాడు అవతలి పెద్దమనిషి తాపీగా.

"తర్వాత?"

"తర్వాత తన దారి తను చూసుకోవాలి."

రాజకుమారి గోడకు చేరగిలబడింది.

"ఇంకెవలన్న ఉన్నరా మీ తాన?"

"ఇప్పుడు ముగ్గురున్నారు. ఒకే గదిలో సర్దుకుంటున్నారు."

"మీ ఆమెకు ఎరుకేనా?"

"భలేవారే! ఆదివారాలు వాళ్లకు వండిపెట్టేది ఆవిడే."

"థూ! నువ్వొక పెద్దమనిషివా? మా పిల్లను నడుమ విడిచిపెట్టి పోనని మాటిస్తవా?"

ఆ అరుపుకు మమత తడిజుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. ఫోన్‌లో ఎవరో తెలియగానే మొహం పాలిపోయింది. "సార్, మా మామ... నేను పీహెచ్‌డీకి వస్తున్నట్టు ఇంట్ల ఎవరికీ ఎరుకలే సార్..."

పీహెచ్‌డీ మాట వినగానే రాజకుమారికి సంగతి అర్థమైంది. ఒక భయం వదిలి, ఇంకో భయం పట్టుకుంది. బిడ్డ చదువు తన చేతులారా ఆగం చేసిందా?

"అమ్మాయ్," అన్నాడు సారు. "మీ మామయ్య అడిగింది నన్నింతవరకూ ఎవరూ అడగలేదు. ఆ మాట ఇవ్వలేను. రెండేళ్లలో రిటైరవుతున్నాను, నువ్వు నిజంగానే నడుమ మిగిలిపోతావు. నా దగ్గర చదివిన అన్విత వేరే యూనివర్సిటీలో ఇదే పని చేస్తోంది, నాకంటే బాగా. అక్కడ దరఖాస్తు పెట్టు. నేనూ ఒక మాట చెబుతాను."

మమత కళ్లు తుడుచుకునేలోపే భూపాల్ ఫోన్ దగ్గరికి వంగి, ఎక్కడలేని మర్యాదతో అన్నాడు: "సార్, ఆ మేడం నంబరు గూడ జర చెప్పుండ్రి, నేను మాట్లాడుత."

ఫోన్ కట్ చేసింది రాజకుమారే.