వేడిగదిలోంచి రానివాళ్ళు

చన్నీటి తొట్టిలో గొంతు దాకా మునిగి ఉన్న పెద్దావిడ బయటకు రానంటే రానని భీష్మించుకుంది.

"మా ఆయన దొరికేదాకా నేను కదల్ను," అంది, పళ్ళు టకటకలాడుతుండగా. ఒక చేత్తో తొట్టి అంచు పట్టుకుని, కాళ్ళతో అడుగంతా తడుముతోంది.

"ఇందులో ఎవరూ లేరమ్మా. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, మీరే చూడండి," అన్నాడు అగ్నిమాపక అధికారి.

"నా కళ్ళజోడు ఇందులోనే పడిపోయింది. ఏం చూడమంటావు నాయనా?"

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న డిజైనర్‌కి ముచ్చెమటలు పోశాయి. బయట ఎర్రబండి గంట ఇంకా మోగుతూనే ఉంది.

ఆ సౌనా అతని బావది. కొయ్యబల్లలు వేసిన వేడిగదిలో ఒళ్ళు కాగేదాకా కూర్చోవడం, లేచి పక్కనున్న చన్నీటి తొట్టిలోకి దూకడం, వణుకుతూ మళ్ళీ వేడిగదిలోకి పరుగెత్తడం. జనం డబ్బిచ్చి మరీ చేసే పని అది. వాళ్ళు ముందుగా చోటు బుక్ చేసుకోవడానికి డిజైనర్ ఒక యాప్ తయారుచేశాడు. ఊళ్ళో సగం సౌనాలకు యజమాని అయిన ఒక పెద్దమనిషి దాన్ని చూడటానికి ఈ రోజే వస్తానని మేనేజరు చేత కబురు పెట్టాడు. నచ్చితే తన శాఖలన్నింటికీ తీసుకుంటాడు. నచ్చకపోతే ఏమవుతుందో బావ ముందే తేల్చేశాడు.

"మా తమ్ముడి టైల్స్ గోదాములో మనిషి కావాలట. సోమవారం నుంచి అక్కడికెళ్ళు. యాప్‌లూ గీప్‌లూ ఇంక చాలు."

పొద్దున అంతా పద్ధతిగానే మొదలైంది. బావ పూలగుత్తి పట్టుకుని వీధి గుమ్మంలో పెద్ద కారు కోసం కాపు కాశాడు. అక్క రిసెప్షన్‌లో కూర్చుంది. యాప్‌లో బుక్ చేసుకున్న మొదటి బృందం వచ్చి, బట్టలూ ఫోన్లూ లాకర్లలో పెట్టి, తువ్వాళ్ళు చుట్టుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు ఏ అలికిడీ లేదు. ఆ తర్వాత తలుపు తోసుకుని ఈ పెద్దావిడ వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. జుట్టుముడి భుజం మీదకు జారిపోయింది.

"నమస్కారమండీ, రండి, కూర్చోండి," అంది అక్క మర్యాదగా.

ఆవిడ కొయ్యబారిపోయింది. "ఈ గొంతే! ఇందాక ఫోన్ చేసింది నువ్వే కదమ్మా?"

"నేనా? నేనెవరికీ చెయ్యలేదండీ."

"మా ఆయన వేడిగదిలోంచి బయటకు రాలేదని నువ్వే చెప్పావు. చెబుతుంటే గొంతు కూడా వణికింది నీకు!"

"అయ్యో, మీరెవరో కూడా నాకు తెలీదండీ!"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వేడిగదిలో ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే ఎలా అని డిజైనర్ యాప్‌లో ఒక ఏర్పాటు చేశాడు. వేడిగదిలోంచి రాగానే ఫోన్లో 'బయటకు వచ్చాను' అనే బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఇంట్లోవాళ్ళ నంబరుకి యాప్ తనంతట తనే ఫోన్ చేస్తుంది. అందులో వినిపించే గొంతు అక్కది. ఎప్పుడో ఒక తీరిక మధ్యాహ్నం, "ఇంకొంచెం దిగులుగా చెప్పక్కా," అని బతిమాలి రికార్డు చేసుకున్నాడు. అక్క ఆ సంగతే మర్చిపోయింది.

ఏదో దాస్తున్నారని పెద్దావిడకి నమ్మకం కుదిరిపోయింది. అక్కను పక్కకు నెట్టి లోపలికి దూసుకెళ్ళింది. తొట్టిలో తేలుతున్న తెల్ల తువ్వాలు కనిపించింది. ఇంకేమీ ఆలోచించకుండా దూకేసింది.

ఆవిడ వెనకాలే ఒకరి అత్తగారు, ఒకరి అన్నదమ్ములు, ఒకరి మేనత్త ఆయాసపడుతూ సౌనాకు చేరుకున్నారు. అందరికీ అదే ఫోన్, అదే దిగులు గొంతు. తొట్టిలో ఎవరో మునిగిపోయారని వీళ్ళలో ఒకరు అన్నారు. ఆ మాట వీధి చివరికి చేరేసరికి 'వేడిగది పేలిపోయింది' అయింది. అక్కడెవరో అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ కొట్టారు. బండి దిగిన సిబ్బంది వేడిగదిలో ఉన్న మగవాళ్ళనందర్నీ ఉన్నపళంగా వెనక తలుపు గుండా సందులోకి తరిమారు. ఆ సంగతి తెలియని బంధువులేమో ముందు గదిలో ఏడుస్తున్నారు.

"ఇంతమందిని పరుగులు పెట్టించింది ఎవరు? రిపోర్టులో మనిషి పేరు రాయాలి," అన్నాడు అధికారి.

"మనిషెవరూ లేరండీ. మెషీన్ చేసింది," అంది అక్క తడుముకోకుండా.

"మెషీన్ మీద కేసు పెట్టలేనమ్మా."

బావ డిజైనర్‌ని మూలకు లాగాడు. "ఒరేయ్, ఆ పెద్దమనిషి కారు వచ్చేలోపు ఈ ఎర్రబండి కదలాలి. లేదంటే సోమవారం..."

"తెలుసు బావా. టైల్స్."

నేరస్తుణ్ణి పట్టుకుంటే తప్ప ఇది తేలదని డిజైనర్‌కి అర్థమైంది. బటన్ నొక్కనివాళ్ళ మీదే అనుమానం వచ్చింది. అసలు ఎవరూ బటన్ ఎందుకు నొక్కలేదో కనుక్కుందామని వెనక సందులోకి పరుగెత్తాడు. గోడ పొడుగునా తువ్వాళ్ళు చుట్టుకున్న మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక భారీ మనిషి, కోటు వేసుకున్నంత దర్జాగా చేతులు కట్టుకుని ఉన్నాడు.

"మీరు బటన్ ఎందుకు నొక్కలేదండీ?" అని అడిగాడు డిజైనర్.

"ఫోన్ ఎక్కడ పెట్టమన్నారు బాబూ?"

"లాకర్లో."

"వేడిగదిలోంచి వచ్చినవాడు ఎటు పరుగెడతాడు?"

"తొట్టికి."

"తొట్టిలోంచి?"

"మళ్ళీ వేడిగదికి."

"మరి లాకరు ఎప్పుడు తెరుస్తాడు?"

"ఇంటికెళ్ళేటప్పుడు," అన్నాడు డిజైనర్.

"అంటే అప్పటిదాకా నీ యాప్ లెక్కలో మేమందరం లోపల ఉడుకుతున్నట్టే."

"టెస్ట్ చేసినప్పుడు బాగానే పనిచేసిందండీ!"

"ఎలా చేశావు?"

"హీటరు ఆపేసి. బట్టలతోనే. ఫోన్ చేతిలో పట్టుకుని."

"వేడిగా ఉన్నప్పుడు ఒక్కసారైనా లోపల కూర్చున్నావా?"

"నాకు వేడి పడదండీ."

ఆ మాట నోట్లోంచి రాగానే నేరస్తుడు ఎవరో డిజైనర్‌కి తెలిసిపోయింది. అతను ఆ భారీ మనిషి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీకు పుణ్యముంటుంది, ఈ సంగతి బయటపెట్టకండి. ఒక పెద్దమనిషి ఇక్కడికి వస్తున్నాడు. ఆయన చెవిన పడిందంటే నా బతుకు గోదాములో తెల్లారిపోతుంది."

"నేనెవరికీ చెప్పను," అన్నాడాయన గంభీరంగా.

అప్పుడే సిబ్బంది పెద్దావిడను దుప్పటి చుట్టి వెనక తలుపులోంచి తీసుకొచ్చారు. వెనకే అధికారి, అక్క, పూలగుత్తితో బావ. భారీ మనిషి మాట చెవిన పడగానే ఆవిడ ఠక్కున ఆగింది.

"ఇక్కడున్నారా! బతికే ఉన్నారా!"

"నువ్వా? నువ్వెందుకొచ్చావు?"

"ఊళ్ళో సగం సౌనాలు మనవే కదా! వాటన్నిట్నీ వదిలేసి ఇక్కడికెందుకొచ్చి చచ్చారు మీరు?"

బావ చేతిలోంచి పూలగుత్తి జారి కింద పడింది. డిజైనర్ తను పట్టుకున్న చేతులను మెల్లగా వదిలేశాడు.

"యాప్ ఎలా ఉందో చూద్దామని మామూలు మనిషిలా బుక్ చేసుకున్నాను," అన్నాడు పెద్దమనిషి. ఆయన చూపు భార్య పాదాల మీదకు వెళ్ళింది. "చెప్పులేవి?"

"ఏమో. వేసుకున్నానో లేదో."

"తొట్టిలోకి దూకావా ఏంటి? నీకు ఈత రాదు కదే!"

"మీకు మాత్రం వచ్చా?"

పెద్దమనిషి అటు తిరిగి మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. వేడిగదిలోంచి వచ్చి చాలాసేపైనా, అది చెమటేనని అందరూ అనుకున్నారు. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు ఆయన గొంతు వ్యాపారస్తుడిదే.

"యాప్ తీసుకుంటున్నాను. అన్ని శాఖలకీ. బటన్ తీసేసి లాకర్ల గదిలో మనిషిని పెట్టండి. కబురు పంపే ఏర్పాటు మాత్రం ఉండాల్సిందే. ఈ అబ్బాయి సోమవారం నుంచి మా వేడిగదులన్నిట్లోనూ కూర్చుని రావాలి. హీటరు వేసి."

బావ కిందపడ్డ పూలగుత్తిని తీసి, దుమ్ము దులిపి, ఎవరికివ్వాలో తెలియక డిజైనర్‌కే ఇచ్చాడు.

"అదంతా మీరూ మీరూ చూసుకోండి," అన్నాడు అధికారి విసుగ్గా. "నాకు పేరు కావాలి. కేసు రాయాలి. ఈ గోలంతటికీ కారకుడు ఎవరు?"

డిజైనర్ అక్క వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇందాక మెషీన్ అన్న అక్క అతన్ని చూడనే లేదు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"మా తమ్ముడండీ!" అంది వీధి వీధంతా వినబడేలా. "మొదట్నుంచీ చివరిదాకా వాడొక్కడే చేశాడు. ఇంకెవరూ వేలు కూడా పెట్టలేదు. రాసుకోండి!"

నేరస్తుణ్ణి అంత గర్వంగా పట్టిచ్చిన సాక్షిని ఆ అధికారి తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.