ముప్ఫై రెండు నిజాలు, ఒక్క సంతకం

అనుమానం పెనుభూతమంటారు. జీవరాజు మాస్టారి దగ్గర మాత్రం అది పెంపుడు భూతం. పొద్దున్నే దాన్ని నిద్రలేపి, కాఫీ పోసి, చంకన పెట్టుకుని బడికి తీసుకొస్తారు. ధవళేశ్వరంలో ఓ హైస్కూల్లో లైబ్రరీ ఇన్‌చార్జి ఆయన. మార్చి నెలలో ఆ బుధవారం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. పది గంటలకు కొత్త పుస్తకాల జాబితా మీద ఒక్క సంతకం. పదకొండుకు టీ. ఆపైన మూడు నెలల్లో రిటైరయ్యేదాకా ఇంకే కాగితం మీదా సంతకం పెట్టకపోవడం.

పుస్తకాలు తెచ్చింది బేబి టీచర్. పేరు పసిపిల్లది, పట్టు పీతది. ఆర్నెల్లు వెతికి, రాజమండ్రిలో ఓ సేవాసంస్థను ఒప్పించి, ఏడో తరగతి పిల్లల కోసం ముప్ఫై రెండు పుస్తకాలు ఏరింది. అన్నీ తెలుగే, అన్నీ నిజంగా బతికినవాళ్ళ సంగతులే. మంచుదేశం పిల్ల, ఎడారి కుర్రాడు, సముద్రం మీద పడవల్లోనే కాపురముండే కుటుంబం, ఇలా తలో జాతి, తలో తిండి, తలో బతుకు. సంస్థవాళ్ళ షరతు ఒక్కటే. ఇవి నిజ జీవితాలేనని ఇన్‌చార్జి సంతకం పెట్టాలి. సాయంత్రం నాలుగింటికి వ్యాను వచ్చేసరికి సంతకం లేకపోతే, పుస్తకాలు వేరే ఊరి బడికి వెళ్ళిపోతాయి.

మాస్టారు మొదటి పుస్తకం, మంచుదేశం పిల్లది, తెరిచారు. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది, కనుబొమలు నెత్తి మీదికి ఎక్కాయి.

"రెండు నెలలు సూర్యుడే రాడా? మరి బడి గంట ఏం చూసి కొడతారమ్మా?"

"గడియారం చూసండీ."

"ఆ గడియారం సరిగ్గా తిరుగుతోందని ఏంటి నమ్మకం?"

"మాస్టారూ, ఫొటోలు కూడా ఉన్నాయండి."

"ఫొటోలో మా బావమరిది కూడా అమాయకుడిలాగే ఉంటాడు. రేపు ఆడిట్‌లో ఇందులో ఒక్కటి అబద్ధమని తేలిందనుకో, నా పెన్షను ఆ మంచులో కూరుకుపోద్ది. హెడ్మాస్టరు గారు సెలవులో ఉన్నారుగా, పద, బయట గెజిటెడ్ ఆఫీసరు చేత అటెస్ట్ చేయించేద్దాం."

మార్కుల కాగితం నకలుకే గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా కావాల్సినప్పుడు, మనిషి జీవితానికి నకలైన పుస్తకానికి అక్కర్లేదా అన్నది మాస్టారి తర్కం. తర్కానికి కాళ్ళు లేవు గానీ ఆటో దొరికింది.

కాలువల ఆఫీసులో ఇంజినీరు ఉదయ్‌కుమార్ గారు పుస్తకాల అట్టపెట్టెల్ని చూసి, ఏసీబీవాళ్ళ వలేమోనని కుర్చీ అరడుగు వెనక్కి జరుపుకున్నారు.

"ఎవరు పంపించారండీ మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండి. ఇవన్నీ నిజమేనని చిన్న సంతకం..."

"నకలుకైతే ఒరిజినల్ చూసి పెడతాను. వీటి ఒరిజినల్స్ ఏవి?"

"ఒకబ్బాయి ఎడారిలో ఉన్నాడండి," అంది బేబి టీచర్.

ఇంజినీరు గారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. "నేను చూడనిదానికి సంతకం పెట్టను. పోనీ, ఈ పడవల పుస్తకం ఉంది చూశారూ, పడవవాళ్ళ చేత చదివించి, నిజమని ఇద్దరి సాక్ష్యం పట్రండి. మిగతావి తర్వాత ఆలోచిద్దాం."

అప్పటికే ఒంటిగంటన్నర. ఆటో గోదారి ఒడ్డుకు తిరిగింది. అక్కడ వీరవేణి పట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. మాస్టారు నోటుబుక్కు తీసి, అలవాటు కొద్దీ గీతలు కొట్టి మరీ మొదలుపెట్టారు.

"మీరు పడవ మీదే ఉంటారా? ఇంట్లో ఎంతమంది? ఈ ఒడ్డున ఎన్నాళ్ళబట్టి ఉంటున్నారు?"

వీరవేణి చేప కింద పెట్టింది. "ఓ మావా! సర్వేవోళ్ళొచ్చారు! ఇయ్యాల పాకలు రాసుకుంటారు, రేపొచ్చి పీకేత్తారు!"

ఆమె మొగుడు పల్లంరాజు వలతో సహా వచ్చాడు. వెనకాల ఓ పాతికమంది. ఒకరు మాస్టారి పెన్ను లాక్కున్నారు, ఒకరు ఆటో తాళం తీసుకున్నారు. మాస్టారు వలవల ఏడవలేదు గానీ, వలకేసి చూస్తూ రెండడుగులు వెనక్కి వేశారు.

బేబి టీచర్ బోర్లించిన పడవ మీద కూర్చుని పుస్తకం తెరిచింది. "ఇవి మా బడి పిల్లలకొచ్చిన పుస్తకాలండి, సంతకం లేక ఆగిపోయాయి," అని గట్టిగా చదవడం మొదలెట్టింది. తుపాను ముందురోజు, పొయ్యి వెలిగించలేనంతగా పడవ ఊగుతున్న వేళ, ఆ పడవలోని అమ్మ మిగిలిన ఒక్క చేపముక్కా పిల్ల పళ్ళెంలో వేసి, "నేనిందాకే తినేశాను" అంటుంది. ఒడ్డు మీద గోల ఆగిపోయింది.

"ఇది నిజమేనండి," అంది వీరవేణి మెల్లగా. "ఈ మాట మా అత్త రోజూ అనేది. కూర్చుని కల్పించేవోళ్ళకి ఇది తట్టదు. అయితే అక్కడా మనలాంటోళ్ళే ఉన్నారన్నమాట."

మాస్టారి మొహం వెలిగింది. "అయితే ఇక్కడో వేలిముద్ర..."

వీరవేణి బొటనవేలు దాచేసుకుంది. "ముందు మీరు నిజం మాస్టారో కాదో తేలాలి. కార్డు చూపించండి!"

అనుమానించేవాడికి ఆధారం అక్కర్లేదు గానీ, అనుమానం తన మీద పడ్డవాడికి ఆధార్ తప్పదు. మాస్టారు కార్డు తీసిచ్చారు. పల్లంరాజు దాన్ని ఎండకేసి పెట్టి చదివి, పకపకా నవ్వాడు.

"జూలై ఒకటా అండీ? నాదీ జూలై ఒకటే. మా ఆవిడదీ అంతే, మా తమ్ముడిదీ అంతే. బళ్ళో వేసినరోజు మా అమ్మ 'వరదల్లో పుట్టాడండి' అంటే, పంతులుగారు జూలై ఒకటి రాసేశారు. మరి మీ అమ్మగారు ఏం చెప్పేవారండీ?"

మాస్టారు నీళ్ళు నమిలారు. పక్కన గోదారున్నా ఆ నీళ్ళు చాల్లేదు.

"అట్లతద్ది అయిన మూడోనాడు... అనేది."

"అంటే అక్టోబరు కదండీ!" అంది బేబి టీచర్. "మరి సర్వీసు రిజిస్టర్లో ఉన్న తేదీని ఎవరూ అటెస్ట్ చెయ్యలేదా?"

"చేశారమ్మా," అన్నారు మాస్టారు నీరసంగా. "మూడుసార్లు. ఆకుపచ్చ సిరాతోనే."

"అయితే సంతకమున్నది అబద్ధం, లేనిది నిజం," అంది వీరవేణి చేపలు తిరగేస్తూ. "మీ సంతకం కోసం పిల్లల చేతిలో పుస్తకం లాక్కోకండి మాస్టారూ."

టైము మూడుంబావు. మాస్టారు కాసేపు ఆ పుస్తకంలో అమ్మ బొమ్మకేసి చూశారు. తర్వాత చెయ్యి చాపారు. పల్లంరాజు పెన్నూ, ఆటో తాళమూ తిరిగి ఇప్పించాడు. పడవ వెన్ను మీద జాబితా పరిచి, ఇంజినీరూ సాక్షులూ లేకుండా, సర్వీసులో మొదటిసారి సొంత పూచీ మీద సంతకం పెట్టేశారు. ఆటో ముందే బడికి చేరింది; వ్యాను వచ్చేసరికి ఏడో తరగతి పిల్లలు ముప్ఫై రెండు పుస్తకాల కోసం అప్పుడే కొట్టుకుంటున్నారు.

సాయంత్రం బేబి టీచర్ వాటన్నిటినీ, కట్టుకథల బీరువా పక్కనున్న నిజ జీవితాల బీరువాలో సర్దింది. మాస్టారి సర్వీసు రిజిస్టరును ఏ బీరువాలో పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.