ఎమ్మెల్యే గారి టేకప్ సభ

ఒక ఇంగ్లీషు మాట కోసం బహిరంగ సభ పెట్టిన మొట్టమొదటి ఎమ్మెల్యే మన వెంకటనారాయణ గారే. ఈ ఘనత ఇంకెవరూ కొట్టేయకుండా ముందే పేపర్లో వేయించుకున్నారు కూడా.

ఆ మాట 'టేకప్'. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా "టేకప్ చేశాను" అనేవారాయన. చెప్పుకున్నవాళ్ళు పొంగిపోయి దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. సుబ్బరావమ్మ మాత్రం వెళ్ళలేదు.

ఆమెది ప్రత్తిపాడు అవతల పల్లె. వాగు మీద చప్టా కొట్టుకుపోయింది. ఊరి మిర్చంతా బస్తాలకెత్తి కళ్ళాల్లోనే ఉంది. ట్రాక్టర్ దాటదు. పైన చూస్తే మబ్బు. తడిస్తే కాయంతా రంగు పోయి తాలే.

"టేకప్ చేశానమ్మా!"

"అంటే ఎప్పుడు కడతారండీ?"

ఆయనకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళకు అర్థం అడిగిన మనిషి దొరికింది! "టేకప్ అంటే చేపట్టడం, ఒప్పుకోవడం, చోటు ఆక్రమించడం. లంగా పొడుగైతే మడిచి పైకి కుట్టడం కూడానమ్మా!"

"మరి కట్టడం?"

"అది ఇంగ్లీషులో లేదు."

సుబ్బరావమ్మ కాసేపు ఆలోచించింది. "అయ్యో, ఇంత విద్య నా ఒక్కదానికేనా? మా ఊరొచ్చి అందరికీ చెప్పండి బాబూ. చప్టా సంగతి తర్వాత."

ఆ 'తర్వాత' ఆయనకు మహా నచ్చింది. సభ ఖాయం చేశారు.

వాగుందని ఇంజనీరు నసిగాడు. "అయితే నా కారు నీళ్ళలో దిగాలంటావేంటయ్యా?" అని కసిరారు ఎమ్మెల్యే గారు. మర్నాటికల్లా వాగులో తూములు దిగాయి, గ్రావెల్ పడింది, రోలర్ తిరిగింది. ఆ వేగానికి ఇంజనీరే జడుసుకున్నాడు.

సభనాడు కారు ఝామ్మంటూ వాగు దాటింది. ఎదురుగా మిర్చి బస్తాలతో ట్రాక్టర్లు బారులు తీరాయి. డ్రైవర్లు దండాలు పెట్టారు.

"చూశావటయ్యా కోటేష్, ఎదురొచ్చి మరీ స్వాగతం!" అన్నారాయన, కళ్ళు చెమర్చి.

స్వాగతం చెప్పిన ట్రాక్టర్లు ఆగకుండా గుంటూరు మిర్చి యార్డు వైపు పోతున్నాయని పీఏ కోటేష్ గమనించాడు. ఉద్యోగం చేసుకునే మనిషి గనక ఊరుకున్నాడు.

షామియానా కింద కుర్చీలన్నీ ఖాళీ. ముందు వరసలో సుబ్బరావమ్మ ఒక్కతే కూర్చుంది. ఎమ్మెల్యే గారు గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడారు. ఊరందరి బదులూ ఆమే చప్పట్లు కొట్టింది. చివరి ట్రాక్టర్ వాగు దాటిన చప్పుడు వినపడ్డాక, లేచి శాలువా కప్పింది. టపటపా చినుకులు మొదలయ్యాయి.

"పత్తి తీతలప్పుడు కూడా మీరు రావాలి బాబూ. ఇంకో మాట చెబుదురుగాని."

ఆయన ఉబ్బి తబ్బిబ్బయ్యారు. "తప్పకుండానమ్మా! ఏ మాట కావాలి?"

"ఏదైనా ఫర్వాలేదండీ. కార్లోనే రండి."