నిధి వేటకు ఎనిమిది చీటీలు

మందుల షాపులో పదిహేనేళ్లుగా డాక్టర్ల రాత చదివీ చదివీ నా రాత కూడా అలాగే తయారైంది. తలరాత మాత్రం మామూలు గుమాస్తాదే.

ఈ వేసవిలో ఒక పథకం వేశాను. ఇంటి ఎదుటి పార్కులో నిధి వేట! ఎనిమిది చీటీలు, చివర ఒక డబ్బా, అందులో ఈల. పైకి ప్రతిదానికీ వాదించే మా తొమ్మిదేళ్ల కూతురు లాయరమ్మ సెలవుల కాలక్షేపం కోసమే. అసలు సంగతి వేరు. రెండు నెలల కింద మాకు పుట్టిన బాబు కళ్లు తెరవకుండానే పోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక మా ఆవిడ గడప దాటలేదు.

“నువ్వూ రావోయ్, అంపైరుగా,” అన్నాను.

“మీ ఆటకి అంపైరు కాదు, అంబులెన్సు కావాలి,” అంది కిటికీ వైపు తిరిగి.

మొదటి చీటీని లాయరమ్మ తిరగేసి మరగేసి చూసింది. “నాన్నా, ఇది తెలుగేనా?”

తీసుకుని చూశాను. నాకూ అనుమానమే.

“అమ్మకే వచ్చు నీ రాత!” అని లోపలికి పరిగెత్తింది.

రెండో చీటీకి మా ఆవిడ మెట్ల దాకా వచ్చింది. మూడోదానికి గేటు దాకా. నాలుగోది తోటమాలి ఊడ్చేశాడు. ఐదోది నడకకు వచ్చిన రిటైర్డు మేష్టారికి దొరికితే, తప్పులు దిద్ది పదికి మూడు మార్కులు వేసి ఇచ్చారు. ఆరోది వెతుకుతూ నేను పొదలో ఇరుక్కుంటే, కాళ్లు పట్టి లాగింది మా ఆవిడే. ఇంటి చెప్పులతోనే వచ్చేసింది!

నా తెలివికి నేనే మురిసిపోతుంటే లాయరమ్మ చెవిలో అంది: “నీ రాత చదవడం నాకూ వచ్చు. అమ్మతో అనకు.”

ఏడో చీటీలో రాసినట్టే ఎనిమిదోది జారుడుబల్ల కింద. అక్కడ డబ్బా తెరిచి ఉంది. ఏడాది పిల్లాడొకడు ఇసుకలో కూర్చుని, చొంగ కారుస్తూ ఈల ఊదుతున్నాడు.

షాపులో పసిపిల్లల బొమ్మలున్న పాలడబ్బాలను కూడా రెండు నెలలుగా వెనక్కి తిప్పి పెడుతున్నవాణ్ణి.

“ఇంటికి పోదాం పద,” అన్నాను.

మా ఆవిడ వినలేదు. మోకాళ్ల మీద కూర్చుంది. పిల్లాడు తడి ఈల తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వాళ్లమ్మ వచ్చి నవ్వుతూ ఎత్తుకుపోయింది.

“మన బాబుకి పేరైనా పెట్టలేదు కదండీ,” అంది మా ఆవిడ.

నేను ఖాళీ డబ్బాకి మూత పెట్టాను.

“నేను పెట్టాను,” అంది లాయరమ్మ నేల చూస్తూ. “చెబితే ఏడుస్తారని చెప్పలేదు.”

ఆ పేరు అమ్మ చెవిలో చెప్పింది. తర్వాత నా చెవిలో.

మా ఆవిడ ఇసుకలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లలో ఇదే మొదలు. ఓదార్చే పథకమేదీ తోచక పక్కన కూర్చుండిపోయాను.

“పేరు బాలేదా అమ్మా?”

“చాలా బాగుందే. ఒక్కసారి గట్టిగా పిలువు.”

పిల్ల పిలిచింది.