డీన్‌గారి థర్మోస్టాట్

ప్రొఫెసర్లకు చలి అంటే ఏమిటో తెలియదు. అమెరికాలో మంచు రాష్ట్రమైన నార్త్ డకోటాలో ఉంటూ, కాళ్ళ కింద తివాచీ పరిచిన గదుల్లో కూర్చుని వణికే జాతి అది. ఆర్విడ్ సోల్‌బర్గ్ ఆ విశ్వవిద్యాలయంలో భవనాల మరమ్మతు ఇంజనీరుగా చేరిన మొదటి చలికాలంలోనే ఈ సంగతి తేల్చేసుకున్నాడు. ఆ తరవాత మార్చుకోవలసిన అవసరం కనిపించలేదు.

అబద్ధం ఆడడన్న పేరు ఒక్కటే ఆయన ఆస్తి. భార్య గెర్డా పోయాక ఇంకేమీ మిగల్లేదు కూడా. పంపు బాగుపడదంటే బాగుపడదు. మంగళవారం వస్తానంటే మంగళవారమే వస్తాడు. జనం మీద ఆయనకు జాలి లేదు గాని, ఆయన మాట మీద జనానికి గురి ఉంది.

ఆ పేరు మీద ఒకే ఒక్క మచ్చ. అది మూడో అంతస్తులో, డీన్ ప్రిసిల్లా హావెన్ గది గోడకు బిగించి ఉంది. ఆమె గదికీ, పక్కనున్న చరిత్ర ప్రొఫెసర్ టిబోర్ గదికీ కలిపి వేడి పెంచి తగ్గించే థర్మోస్టాట్ ఒకటే, అదీ టిబోర్ గదిలో. ఆయనకు ఎప్పుడూ చలి, ఆమెకు ఎప్పుడూ ఉక్క. ఇద్దరి ఫిర్యాదులూ పడలేక, ఆరేళ్ళ కిందట ఆర్విడ్ ఒక పాత థర్మోస్టాట్‌ను లోపలి సరుకంతా పీకేసి, వెనక ఒక్క తీగైనా లేకుండా, డీన్ గోడకు బిగించి వచ్చాడు. మరమ్మతు పనివాళ్ళలో ఇదేమీ కొత్త విద్య కాదు. పైకి చెప్పుకోరు, అంతే. ఆనాటి నుంచి డీన్ ఫిర్యాదు చెయ్యలేదు. తాను నోటితో ఏమీ అనలేదు గనక అబద్ధం ఆడినట్టు కాదని ఆర్విడ్ సర్దుకున్నాడు.

ఆ నవంబరు సోమవారం ఆయన ఆలోచన చాలా చిన్నది. మూడో అంతస్తులో గాలి ఫిల్టర్లు మార్చాలి. నేలమాళిగలోకి దిగిపోయి, ఎవరి మొహమూ చూడకుండా కాఫీ తాగాలి.

నిచ్చెన వేసీ వెయ్యకముందే డీన్ గది తలుపు తెరుచుకుంది.

"ఆర్విడ్ గారూ, మీ కోసమే చూస్తున్నా. ఈ భవనంలో సరిగ్గా పనిచేసేది మీరు నాకు పెట్టిన థర్మోస్టాట్ ఒక్కటే. కాస్త తిప్పానో లేదో, ఇట్టే తేడా తెలిసిపోతుంది!"

"తెలుస్తుందా?"

"తెలియకపోవడమేమిటి! అందుకే అన్ని గదులకీ ఇదే పెట్టించమని పైవాళ్ళకి చెప్పేశాను. పాపం, టిబోర్ కోటు వేసుకుని పాఠాలు రాసుకుంటున్నాడు."

"ఆ రకం ఇప్పుడు తయారుకావడం లేదమ్మా," అన్నాడు ఆర్విడ్. అది నిజమే.

"అయితే మరీ అపురూపమన్నమాట!" అని డీన్ నడవాలోకి వచ్చి అందర్నీ కేకేసింది.

పావుగంటలో గది నిండిపోయింది. టిబోర్ పెట్టెను పైకి తిప్పి, "హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది," అంటూ మఫ్లర్ విప్పాడు. తత్వశాస్త్రం ఆవిడ కిందికి తిప్పి శాలువా కప్పుకుంది. అంతమంది ఒక్క గదిలో చేరితే ఉక్కపోస్తుందన్న తత్వం ఎవరికీ తట్టలేదు.

"ఇంత మంచిది తన గదిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ మనల్ని వణికించిందా?" అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"డీన్ కదా మరి!"

టిబోర్ జేబులోంచి చాకు తీశాడు. "మూత విప్పి చూద్దాం. మా బావమరిదికి ఇలాంటివి చెయ్యడం వచ్చు. అందరికీ తలొకటి చేయించేద్దాం."

"ముట్టుకోకండి!" అని అరిచాడు ఆర్విడ్.

"ఏం?"

మూత ఊడితే పేరు ఊడుతుంది. "కరెంటు," అన్నాడు. "తగిలితే మనిషి మిగలడు."

బతుకులో మొదటి అబద్ధం. అలవాటు లేని పని కావడంతో మోతాదు తెలియలేదు.

ఎవరో భద్రతా విభాగానికి ఫోన్ చేశారు. ప్రమాద గంటలు మోగాయి. భవనం మొత్తం మంచులోకి వచ్చి నిలబడింది. డీన్ మెట్టు మీద కూలబడి తన వేళ్ళు చూసుకుంది.

"అప్పుడప్పుడూ జివ్వుమనేది. అనుకుంటూనే ఉన్నా."

భద్రతాధికారి క్రెయిగ్ రబ్బరు తొడుగులు వేసుకుని వచ్చాడు. "నేను విప్పుతా, తప్పుకోండి."

"వద్దు. కరెంటు కట్టేశాను," అన్నాడు ఆర్విడ్. రెండో అబద్ధం కాస్త సులువుగా వచ్చింది. "రేపు పొద్దున్న అందరి ముందూ నేనే విప్పుతాను."

ఆర్విడ్ రేపంటే రేపే. అందరూ లోపలికి వెళ్ళారు.

ఆయన తిన్నగా సామాన్ల గిడ్డంగికి పోయాడు. అక్కడ విల్మా ఉంటుంది. ఆయనకంటే ముందు చేరిన మనిషి.

"ఆ పాత రకంది ఇంకొకటుందా? లోపల సరుకున్నది."

సంగతంతా విని విల్మా చేతిలోని డోనట్ కింద పెట్టి మరీ నవ్వింది. "సరుకున్నది లేదయ్యా. ఆ రకంవి రెండే ఉండేవి, రెండూ ఖాళీ అయ్యాయి. ఒకటి డీన్ గోడకి, రెండోది మీ ఇంటి గోడకి."

"మా ఇంట్లోది పనిచేస్తుంది. పడుకునేముందు రోజూ నేనే అరవై ఫారన్‌హీట్‌కి దించుతాను. చలి చలి అని గెర్డా గొణుగుతూనే ఉండేది. నేను విననే లేదు."

"గొణగడం ఎప్పుడు మానేసింది?"

"డీన్‌కి ఇది బిగించిన..." ఆర్విడ్ ఆగిపోయాడు.

"డీన్‌ని ఎలా బోల్తా కొట్టించావో భోజనం దగ్గర నువ్వే చెప్పావట, తెగ నవ్వుతూ. మర్నాడే గెర్డా నా దగ్గరికొచ్చింది. మా తమ్ముడు వెళ్ళి బిగించాడు," అంది విల్మా. "ఇంకేమీ అడక్కు. పోయి మూత తీసి చూసుకో."

ఫిర్యాదు రానిదాని మూత విప్పకూడదన్నది ఆర్విడ్ నియమం. ఆ మధ్యాహ్నం విప్పాడు. లోపల ఏమీ లేదు. వెనక గోడకాగితం మీది నీలిపూలు మాత్రం ఉన్నాయి. అసలుది వంటింటి అలమరలో, గెర్డా ఏప్రన్ల వెనక, తీగలతో సహా గోడకు బిగించి కనిపించింది. ముల్లు డెబ్బై రెండు మీద ఉంది. అరవై డిగ్రీల్లో బనీనుతో తిరిగే మొనగాణ్ణని చర్చిలో చెప్పుకున్నవన్నీ ఆయన ఏప్రన్ల మధ్య నిలబడి గుర్తు చేసుకున్నాడు.

మర్నాడు డీన్ గదిలో, అందరి ముందూ, మూత విప్పాడు.

"ఇందులో ఏమీ లేదు. మొదట్నుంచీ లేదు. ఉత్త డబ్బా. నిన్న నేను చెప్పింది అబద్ధం."

క్రెయిగ్ ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "రాత్రికి రాత్రి ఒక్కడివే కూర్చుని, ప్రమాదకరమైన సరుకంతా తీసేశావు. పైగా డీన్‌గారు బెదిరిపోకుండా ఈ మాటొకటి!"

"తీసెయ్యలేదు. లేనే లేదు."

"మీరెంత మంచివారండీ!" అంది డీన్, మొహం విసురుకుంటూ. "పొద్దుట్నుంచీ ఉక్క ఎందుకు పోస్తోందో ఇప్పుడర్థమైంది."

ఆర్విడ్ మరో రెండుసార్లు నిజం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. అబద్ధం ఆడని మనిషన్న పేరు ఇంకాస్త గట్టిపడింది.

నేలమాళిగ మెట్ల దగ్గర విల్మా ఎదురైంది. "ఇంట్లో మూత తీశావా?"

"ఆ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు."

ఆమె ఎత్తలేదు. ఆయనా ఎవరి దగ్గరా ఎత్తలేదు. పడుకునేముందు హాల్లో డబ్బాను అరవైకి దించడం మాత్రం మానలేదు.