డిజైనరు మేడం చెప్పారు

ఆదివారం పొద్దున్న పదింటికి బయల్దేరి, టైల్స్ కొట్లో ఒక రంగు ఎంచుకుని, పన్నెండింటికల్లా ఇంటికి వచ్చేయాలన్నది వాళ్ల ఏర్పాటు. వంటగది అప్పటికే సగం పడగొట్టి ఉంది. పొయ్యి హాల్లో, గిన్నెలు మంచం కింద, మిక్సీ బట్టల బీరువా మీద కాపురం చేస్తున్నాయి. వంటగట్టు వెనక గోడకు పద్దెనిమిదేళ్లుగా ఉన్న ద్రాక్షగుత్తుల టైల్సును మేస్త్రి ఊడగొడుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి చివరిదాకా చూసింది. ఒక్కో గుత్తిలో ఎన్ని పళ్లున్నాయో ఆమెకు తెలుసు. రెండు పూటలా ఆ గోడ మొహమే చూస్తూ వంట చేసిన మనిషికి ఆమాత్రం తెలియకుండా ఉండదు.

కొత్త గోడ ఎలా ఉండాలో కూడా ఆమెకు తెలుసు. ముదురు ఆకుపచ్చ రంగువి, మెరుపు లేనివి, చిన్న చిన్న పలకలు. ఆమె కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. అక్కడ తన కుర్చీకి ఎదురుగా ఆ రంగు చెక్క బీరువా ఒకటి ఉంది. ఎంత చికాకులో ఉన్నా కాసేపు దానికేసి చూస్తే మనసు కుదుటపడుతుందని ఎప్పుడో గమనించుకుంది. ఇంట్లో కూడా అలాంటి చోటు ఒకటి ఉంటే బాగుండునని ఆమె కోరిక. ఈసారి ఇంతకు మించి ఆమె అడిగిందేమీ లేదు.

చిక్కల్లా భర్తతోనే. ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజార్లో తక్కెళ్లూ తూకపు రాళ్లూ తనిఖీ చేసి ముద్ర వేయడం ఆయన ఉద్యోగం. ముద్ర లేని రాయి ఎంత నికార్సైనదైనా పక్కన పడేస్తాడు. ఇంట్లో మాటలకూ అదే పద్ధతి. చెప్పిన మాటలో నిజమెంత అని చూడడు, చెప్పిన మనిషికి ముద్ర ఉందా లేదా అని చూస్తాడు. దుర్మార్గుడేం కాదు, పెరటి చెట్టు మందుకు పనికిరాదనుకునే బాపతు.

"ఆకుపచ్చా? వంటగదా, ఆపరేషన్ థియేటరా?" అన్నాడు కొట్లో. "తెల్లవి తీసుకుందాం. ద్రాక్షగుత్తులుంటే మరీ మంచిది."

"తెల్లవి వద్దండీ. నూనె మరకలు తుడవలేక చచ్చాను."

"నీకేం తెలుసు ఇవన్నీ!"

ఆ మాట ఆయన రోజుకు నాలుగుసార్లు, కోపతాపాలేమీ లేకుండానే అంటాడు. ఆ రోజు కొట్టు యజమాని ముందు అన్నాడు. పాపం ఆ పెద్దమనిషి మర్యాద కోసం తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయన అలా తిప్పుకోవడం చూసి ఆమెకు ఎక్కడో కలుక్కుమంది.

"నేనన్నది కాదండీ," అంది. "డిజైనరు మేడం చెప్పారు, ఆకుపచ్చే వేయమని."

ఆ మేడం తన నోట్లోకి ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకే అర్థం కాలేదు. ఏ మేడం అని అడగడానికి ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. అంతలో కొట్టు యజమాని, "ఓహో, డిజైనరుని పెట్టుకున్నారా సార్?" అన్నాడు గౌరవంగా. తన ఇంట్లో జరిగేది తనకే తెలియదని పరాయివాడి ముందు ఒప్పుకోవడం ఇన్‌స్పెక్టరు వల్ల అయ్యే పని కాదు.

"ఆఁ, ఉన్నారు. ఆవిడని అడక్కుండా మేం మేకు కూడా కొట్టం," అన్నాడు.

ఆకుపచ్చ టైల్సు ఇంటికి వచ్చేశాయి. మేడం ఎవరంటే, లైబ్రరీకి వస్తారనీ, చాలా పేరున్న మనిషనీ, స్నేహం కొద్దీ సలహా ఇస్తున్నారనీ, మగవాళ్లతో ఎక్కువ మాట్లాడరనీ దారిలో చెప్పింది. ఒక అబద్ధానికి ఇన్ని కాళ్లు మొలుస్తాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. వంటగట్టు మూడంగుళాలు ఎత్తు పెంచమని మేడం చెప్పారు. పెరిగింది. సొరుగులకు స్టీలు పిడులు వద్దు, ఇత్తడివి వేయమన్నారు. వచ్చాయి. కిటికీ పక్కన ఒక ఎత్తుపీట ఉండాలన్నారు. అదీ వచ్చింది. ఏళ్ల తరబడి అడిగి అడిగి వదిలేసినవన్నీ పది రోజుల్లో అమరిపోయాయి. ముందు జాగ్రత్తగా ఆమె మేస్త్రిని కూడా చెప్పుచేతల్లో పెట్టుకుంది.

"అయ్యగారు అడిగితే మేడం వచ్చి చూసి వెళ్లారని చెప్పు."

"అలాగేనమ్మా. లేని మనుషులు వచ్చి చూస్తేనే మాకూ మంచిది, వంకలు పెట్టరు," అన్నాడు మేస్త్రి.

అంతా బాగానే ఉంది గానీ, ఒక రోజు భోజనం దగ్గర ఇన్‌స్పెక్టరు మెచ్చుకోలు మొదలుపెట్టాడు.

"ఎంత బుర్ర ఆవిడది! వంట చేసేవాళ్ల నడుం గురించి ఎవరాలోచిస్తారు చెప్పు?"

"గట్టు ఎత్తు పెంచమని నేను నాలుగేళ్ల కిందటే చెప్పానండీ."

"నువ్వు చెప్పడం వేరు. ఆవిడ ఆలోచించి చెప్పారు."

ఆమె కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. తాను పుట్టించిన మనిషి మీద తనకే కడుపు మండడం ఎంత సిగ్గుచేటో తెలుసు. తెలిసినా మంట ఆగలేదు. ఈ మేడమ్‌ని ఎలాగైనా వదిలించుకోవాలి. ఆవిడ చేత ఒక శుద్ధ తెలివితక్కువ మాట చెప్పిస్తే ఆయనకే నమ్మకం పోతుంది. మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ అంది.

"వంటగది కప్పుకి నల్లరంగు వేయమంటున్నారు మేడం."

"నలుపా?"

ఆమె ఆశగా చూసింది. ఆయన తలెత్తి కప్పుకేసి చూశాడు. గ్లాసు కింద పెట్టి, మళ్లీ చూశాడు.

"ఏదో కారణం ఉండే ఉంటుంది. మనకేం తెలుసు!" అన్నాడు.

సాయంత్రం ఆమె లైబ్రరీ నుంచి వచ్చేసరికి కప్పు కాటుకలా ఉంది. నిచ్చెన మీద మేస్త్రి చావుకు వచ్చినవాడిలా కూర్చుని ఉన్నాడు.

"పొగ పట్టి నల్లబడ్డ కప్పులకి తెలుపు వేశాను గానీ, తెల్లటి కప్పుకి నలుపు వేయడం ఇదే మొదలమ్మా," అన్నాడు.

ఆకుపచ్చ గోడ ఆ చీకటి కింద బావిలోని నాచులా కనిపించింది. ఇన్నాళ్లు కోరుకున్న చోటు ఇదేనా అనుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆమెకు బాగా తెలిసొచ్చింది.

"ఇది నాకు నచ్చలేదండీ. తెల్లరంగు వేయించండి," అంది భర్త రాగానే.

"నీకేం తెలుసు! మేడం చెప్పారు కదా. మా పెద్దాఫీసరు గారికి పొద్దున్నే చెప్పాను. వాళ్లింట్లో కూడా ఇవాళే మొదలుపెట్టారు."

రెండిళ్లు నల్లబడ్డాయి. ఇక లాభం లేదని ఆమె అక్కడికక్కడే నిజం బయటపెట్టేసింది.

"మేడమూ లేదు, ఎవరూ లేరు! అన్నీ నేను చెప్పినవే. నా మాటంటే మీకు లెక్క లేదు గనక ఇంకొకరి పేరు పెట్టి చెప్పాను."

ఆమెకు ఏడుపు వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు భార్యకేసి జాలిగా చూశాడు.

"చూడు, ఒకరు గొప్పవాళ్లయితే ఒప్పుకోవాలి. అసూయ పడకూడదు."

"కావాలంటే మేస్త్రిని అడగండి!"

మేస్త్రి మాట తప్పే మనిషి కాడు. అమ్మగారికి ఇచ్చిన మాట నిచ్చెన మీదనుంచే నిలబెట్టుకున్నాడు.

"నిన్ననే వచ్చారు సార్. పొడుగు మనిషి. కళ్లజోడు. చేతిలో పుస్తకాల సంచీ..."

మేస్త్రికి ఊహాశక్తి తక్కువ, ఎదురుగా ఎవరుంటే వాళ్లనే వర్ణించుకుపోతున్నాడు. పుస్తకాల సంచీ ఇంకా భుజాన్నే ఉన్న ఆమె కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. ఇన్‌స్పెక్టరు ఆమెకేసి చూస్తూనే, "విన్నావా?" అన్నాడు విజయగర్వంతో.

ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. పావుగంట తర్వాత ఫోను చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. మొహం కడుక్కున్నట్టుంది, నిమ్మళంగా ఉంది.

"మేడంతో మాట్లాడాను. నలుపు తన పొరపాటేనట, తెలుపే వేయమన్నారు. మీ ఆఫీసరు గారికి కూడా వెంటనే చెప్పేయమన్నారు. ఇకమీదట ఆవిడ సలహాలు చెప్పరట. ఈ ఇంటికి ఏం కావాలో నాకే బాగా తెలుసట, ఏదైనా నన్నడిగే చేయమన్నారు."

"నీకే తెలుసని ఆవిడే అన్నారా?"

"ఆవిడే."

ఇన్‌స్పెక్టరు భార్యను ఎగాదిగా చూశాడు. కొత్తగా ముద్ర పడిన రాయిని చూసినట్టే చూశాడు.

"మేస్త్రీ, ఇకనుంచి అమ్మగారు ఏం చెప్తే అది చెయ్యి," అన్నాడు.

మేస్త్రి బతుకు జీవుడా అనుకుంటూ నిచ్చెన దిగాడు. సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన మాట వచ్చింది, కానీ ఇంకొకరి చలవ వల్ల వచ్చింది. ఆ ఇంకొకరు తానే అన్నది చెప్పుకోవడానికి కూడా వీలు లేదు.

ఇన్‌స్పెక్టరు కాసేపు తచ్చాడి, మొహమాటంగా అడిగాడు.

"నా గురించి ఏమైనా అన్నారా?"

ఆమె కళ్లజోడు పెట్టుకుని ఆయన్ని చూసింది.

"అన్నారు. మనిషి మంచివాడేనట. పక్కనున్న మనిషి మాట మాత్రం చెవిన పెట్టడట."

ఇన్‌స్పెక్టరు కిటికీ పక్కన పీట మీద కూలబడ్డాడు. ఎప్పుడూ లేనిది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"ఏం మనిషే ఆవిడ! నన్ను ఒక్కసారి కూడా చూడకుండానే ఎంత బాగా కనిపెట్టారు!" అన్నాడు.