రాబోయే రొక్కంతో వైభోగం

అప్పు చేతికందడం ఆలస్యమైందని ఏడ్చేవాళ్లు వట్టి అమాయకులు! అప్పు అందిన మర్నాటి నుంచి మనిషి బాకీదారు. అందబోతోందన్న నాళ్లలో మాత్రం శ్రీమంతుడు. నమ్మకపోతే ఉదయగిరి రైతు పెంచలనరసయ్యను చూడండి.

కరువు అతని జత ఎద్దుల్లో ఒకదాన్ని తీసుకుపోయింది. ఒంటెద్దుతో నాగలి సాగదు. తొలకరిలోపు రెండో ఎద్దు కొనకపోతే చేను బీడే. అందుకని ఆ చేనునే ఆత్మకూరు షావుకారు రమణయ్యకు తనఖా పెట్టడానికి ఒప్పుకున్నాడు. రమణయ్య కొత్త పద్ధతుల మనిషి. నోటిమాట మీద రూపాయి తీయడు. స్టాంపు కాగితం రావాలి, రిజిస్ట్రారు ఉండాలి, ఆయన ఎదుటే రొక్కం లెక్కపెట్టాలి.

కాగితం వచ్చేసరికి రిజిస్ట్రారు క్యాంపుకు వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి రాతగాడు చేను హద్దులు తప్పు రాసినట్టు బయటపడింది. మళ్లీ కొత్త కాగితం! ఎంత అదృష్టం!

ఎందుకంటారా? పెంచలనరసయ్యకు డబ్బు రాబోతోందని ఊరంతా తెలిసిపోయింది. కరువులో గుప్పెడు జొన్నలు విదల్చని కామయ్య ఇప్పుడు బస్తా మీద బస్తా అరువుగా ఇంటికే పంపాడు. మొహం తిప్పుకుని తిరిగిన పిచ్చయ్య ఆత్మకూరు వెళ్లాల్సొచ్చిన ప్రతిసారీ బండి కట్టించి, పైగా చేతిఖర్చుకు డబ్బిచ్చాడు.

"తనఖా అయినాక ఇద్దువులే అన్నా, తొందరేముండాది!" అన్నాడు. వడ్డీ సంగతి మాత్రం కాస్త మెల్లగా అన్నాడు. శ్రీమంతులకు అలాంటివి వినపడతాయా?

భార్య ఆదిశేషమ్మకు వినపడింది. "ఏందయ్యా ఇది? ఎద్దు ఇంటికి రాకముందే దాని ఖరీదు మనం తినేస్తా ఉండాం."

"రొక్కం రానీ, ఇదంతా ఒక లెక్కా?" అన్నాడు పెంచలనరసయ్య.

చివరికి కొత్త కాగితం సిద్ధమైంది. అతన్ని బాగా ఎరిగిన సాక్షులు ఇద్దరు కావాలన్నారు. సాక్షులకు దారి పొడుగునా అన్నం పెట్టడం రాసిచ్చేవాడి వంతు, అది ఆ సీమ ఆచారం. ఖర్చు తగ్గించాలని పెంచలనరసయ్య తెగ ఆలోచించి, కామయ్యనూ పిచ్చయ్యనూ పిలిచాడు. బాకీ ఉన్నవాణ్ణి అప్పిచ్చినవాళ్ల కన్నా బాగా ఎరిగినవాళ్లెవరు? ఇద్దరూ ఎగిరి గంతేసి, ఎవరి అన్నం వాళ్లే మూటగట్టుకుని బయల్దేరారు. ఇంత మంచి సాక్షులు ఎవరికి దొరుకుతారు!

రమణయ్య రూపాయలు లెక్కపెట్టాడు.

"సొమ్ము అందిందా?" అని అడిగాడు రిజిస్ట్రారు.

"అందింది దొరా," అని పెంచలనరసయ్య నిశానీ గీశాడు.

వరండాలోకి రాగానే కుడిపక్క సాక్షి చెయ్యి చాపాడు. తర్వాత ఎడమపక్క సాక్షి. అసలు, వడ్డీ, బండిబాడుగ అన్నీ తీసుకున్నారు. మిగిలింది మేకపిల్లకు కూడా చాలదు.

వాన మాత్రం వేళకే పడింది. తడిసిన చేలో కాడికి ఒకపక్క ఎద్దును కట్టి, రెండోపక్క పెంచలనరసయ్య తన భుజం పెట్టాడు. వెనక మేడి పట్టుకున్న ఆదిశేషమ్మకు దుఃఖం ఆగలేదు.

"ఏడవబాకే," అన్నాడతను రొప్పుతూ. "సీమలో ఇంత ఖరీదైన ఎద్దు ఇంకెవరికుండాది? నన్ను కొనేదానికి చేనంతా తాకట్టు పెట్టినాం గదా!"